కంత కోయని తొడుగు

ఇలా రా, నా పక్కకి జరుగు. కాళ్ళు ముడుచుకుని కూర్చో, మధ్యలో లేచావంటే ఊరుకోను. సూదమ్మ సంగతులు నీకు చాలా చెప్పాను గానీ, ఇది వింటుంటే మనిషికి ఒకచోట కుదురుండదు. ఆవిడ గెలిచిన రోజు కథ ఇది. గెలిచి, అరగంట తిరక్కుండా తల పట్టుకున్న రోజు.

కెమెరాల కొట్టు పెద్దాయన నిన్న పొద్దున తన కొట్లోనే నేలమాళిగ మెట్ల కింద తల పగిలి చచ్చిపడి కనిపించాడు. మొన్న సాయంత్రమే ఎవరో నెట్టారని డాక్టరు చెప్పాడు. ఆయన్ని ఆఖరుగా చూసింది కోడలు. మధ్యాహ్నం మూడింటికి ఆ అమ్మాయిని కోర్టుకి పంపేస్తానని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. ఒకసారి కోర్టు గుమ్మం తొక్కితే మళ్ళీ ఎన్నాళ్ళకి బయటపడుతుందో ఎవరికీ తెలియదు. అందుకే కోడలు సూదమ్మకి కబురంపింది.

సూదమ్మ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎంత బిగించి కుట్టిన గుట్టులోకైనా దూరిపోతుంది. నలుగురి తరఫున ఆరాలు తీయడమే ఆవిడ బతుకుతెరువు. ఇన్‌స్పెక్టరుకీ ఆవిడకీ ఉప్పూనిప్పూ. అతను మాట్లాడితే గోడలకి సున్నం రాలుతుంది కాబట్టి స్టేషన్లో వాళ్ళే అతన్ని చాటుగా 'ఉరుము' అంటారు.

సూదమ్మ, ఇన్‌స్పెక్టరు, కోడలు ముగ్గురూ ఇప్పుడు పెద్దాయన పనిగదిలో ఉన్నారు. వీధివైపు కొట్టు, దాని వెనక ఈ గది. ఎదురుగా గోడవారన ఆయన పనిబల్ల, కుర్చీ. కుడిచేతివైపు మూలన నేలలో చతురస్రంగా తెరిచిన నోరు, దాని అంచున మోకాలెత్తు పిట్టగోడ. అందులోంచి నేలమాళిగలోకి మెట్లు. పైన పాత ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. కోడలి భర్త, అంటే పెద్దాయన కొడుకు, ముందు కొట్లో బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాడు. అతనిది గుడ్డల వ్యాపారం.

"మొన్న ఇక్కడికి ఎందుకొచ్చావమ్మా?" అంది సూదమ్మ.

"లెన్సు ఎంచుకోవడానికి పిన్నిగారూ. ఫాస్ట్ లెన్సు."

"ఫాస్టంటే?" ఇన్‌స్పెక్టరు గద్దించాడు. "పరుగెడుతుందా?"

"లేదు సార్. మసక వెలుతుర్లో కూడా బొమ్మని చటుక్కున పట్టేస్తుంది. నేను తీసేది నాటకాల రిహార్సల్సు. అక్కడ ఉండేది ఒకటో రెండో బల్బులు. ఫ్లాష్ కొడితే రాజుగారు మాట మరిచిపోయి నన్ను తిడతాడు."

"నువ్వు ఆగు బాబూ, నేనడుగుతున్నానుగా," అని సూదమ్మ అతన్ని తోసేసి, బల్ల మీదున్న మూడు లెన్సుల్ని చూసింది. ఒకటి సీసా మూతంత, ఒకటి నిమ్మకాయంత, మూడోది బోర్లించిన గిన్నెంత. "ఈ మూడూ పెట్టి చూశావా?"

"మూడూ చూశాను. మామయ్య ఎవరికీ కాగితం మీది లెక్కలు చూపించి లెన్సు అమ్మరు పిన్నిగారూ. ఈ గదిలో దీపం తగ్గించి, ఆ కుర్చీలో తనే కూర్చుని, మూడింటితోనూ తన బొమ్మ తీయమంటారు. నాది వేరే జాతి కెమెరా, రేంజ్‌ఫైండర్. దీన్లో లెన్సులోంచి చూడం. ఈ పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. అందులో మనిషి ఇద్దరుగా కనబడతాడు. లెన్సు తిప్పుతూ ఆ ఇద్దర్నీ ఒకణ్ణి చేయాలి. అప్పుడే నొక్కాలి."

"ఇద్దర్ని ఒకణ్ణి చేశావు, సరే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఉన్న ఒక్కణ్ణీ లేకుండా చేసిందెవరు?"

కోడలి కళ్ళు నిండాయి గానీ చుక్క కింద పడనివ్వలేదు.

"చిన్నది నెమ్మది లెన్సు. దాంతో తీస్తే నా నాటకాలన్నీ చీకటి ముద్దలే. పెద్దది చీకట్లో పిల్లి కన్ను. కానీ దాంతో కనురెప్ప కుదిరితే చెవి చెదిరిపోతుంది, అంత సన్నం. మామయ్య అన్నారు, 'వెలుగు ఎక్కువ తాగే లెన్సు నీ చూపులో కొంత తినేస్తుందే పిల్లా. ఏది పోయినా పర్లేదో చూసుకుని తీసుకో' అని. నేను మధ్యది చాలన్నాను. సంతోషించారు. ఐదింటికి బయల్దేరాను. నా వెనకే గడియ పెట్టుకున్న చప్పుడు విన్నాను."

"అది అబద్ధం!" ఉరుము ఉరిమింది. "మర్నాడు పొద్దున పోస్టుమాను వచ్చేసరికి గడియ తీసే ఉంది. ఆఖరి బేరం గడప దాటగానే ఆ ముసలాయన గడియ పెట్టుకుంటాడని వీధంతా చెప్పింది. గడియ లేదంటే ఏమిటి అర్థం? నువ్వు పోయేటప్పటికే పెట్టుకునే మనిషి లేడు. ఇంకా ఉంది. నువ్వు ఉన్నంతసేపూ ఇంకెవరూ లోపల లేరన్నావా లేదా?"

"లేరు సార్."

"మరి ఇదెవరు?"

జేబులోంచి మూడు ఫోటోలు తీసి పేకముక్కల్లా బల్ల మీద కొట్టాడు. కోడలి కెమెరాలో ఉన్న ఫిల్మే, స్టేషన్ వాళ్ళు కడిగించారు. మొదటి దాన్లో పెద్దాయన, చిన్న లెన్సుతో. రెండోదాన్లో పెద్దాయన, మధ్యదాంతో. రెండింటిలోనూ ఆయన కెమెరావైపే చూస్తున్నాడు, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు. మూడోది పెద్ద లెన్సుతో తీసింది. ఆయన కళ్ళు రెండూ సూదిమొనలా ఉన్నాయి, మిగతా అంతా పొగ. ఆ పొగలో, కింద కుడిమూలన, మెట్ల దగ్గర, ఒక భుజం. పిట్టగోడ మీద ఒక చెయ్యి. మొహం లేదు, చొక్కా రంగు లేదు, అదొక మనిషి ముద్ద.

కోడలు ఫోటోవంక చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. "నేను... నేను చూడలేదు."

"నువ్వు తీసిన ఫోటో నువ్వు చూడలేదు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు సూదమ్మవైపు తిరిగి. "వినండమ్మా సూదమ్మగారూ, వినండి. తనతో వచ్చినవాడు ఫలానా అని చెప్పలేక చూడలేదంటోంది. మామగారు కొట్టు ఈవిడ పేరున రాస్తానన్నాడట. తొందరపడింది. తోడు తెచ్చుకుంది."

"రాస్తానన్నారు, నేనే ఆపాను," అంది కోడలు. "కొడుకుండగా నాకెందుకు మామయ్యా, ముందు ఆయన ఒప్పుకోవాలి కదా అన్నాను."

సూదమ్మ మూడో ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత పెద్ద లెన్సు చేతిలోకి తీసుకుంది. దాని మూతికి నల్లటి రేకు తొడుగొకటి ఉంది, ఎండ నేరుగా గాజు మీద పడకుండా వేసేది.

"మొన్న కూడా ఈ తొడుగుతోనే తీశావా?"

"దీంతోనే. మామయ్య దీని తొడుగు కోసం సొరుగంతా వెతికారు. దొరకలేదు. 'మతి పోతోందే నాకు' అని తనని తనే తిట్టుకుని, ఏదో కొత్తది తొడిగారు."

"కెమెరా ఏ కంటికి పెట్టుకుంటావు?"

"ఎడమ కంటికి. చిన్నప్పటినుంచీ అదే అలవాటు. కెమెరా నా కుడి కన్నుని మూసేస్తుంది, అందరూ నవ్వుతారు."

"నువ్వు మొన్న ఇక్కడికి వస్తున్నావని ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు పిన్నిగారూ, ఇంట్లో తప్ప."

సూదమ్మ తలాడించింది. ఆ మాట అప్పుడు ఆవిడ చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. గోడ గడియారం రెండు దాటింది. ఇన్‌స్పెక్టరు వేళ్ళు బల్ల మీద దరువేస్తున్నాయి.

"బాబూ, ఆ కెమెరా పట్టుకో."

"నేనా?"

"నువ్వే. నీ కళ్ళనైతే నువ్వు నమ్ముతావు. ఎడమ కన్నుతో చూడు. అమ్మాయీ, నువ్వు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో. ఇన్‌స్పెక్టరు బాబూ, ఆ అమ్మాయి కనురెప్పలు కిటికీలో రెండుగా కనబడతాయి, అవి ఒకటయ్యేదాకా కన్ను తీయకు. ఈలోగా నేను గదిలో నడుస్తాను. నన్ను చూసినప్పుడు 'అదిగో' అను. అంతే. నువ్వు 'అదిగో' అన్నావంటే, పిల్లని నేనే జీపెక్కిస్తాను."

పందెం అనేసరికి ఉరుముకి హుషారొచ్చింది. టోపీ తీసి, కెమెరా మొహానికి అదుముకున్నాడు. పెద్ద లెన్సు చెంప పక్కన కుండలా ఉబ్బి నిలబడింది. సూదమ్మ చెప్పులు విప్పేసింది.

"ఒకటవడం లేదు... ఆ, అయింది... చెదిరింది. ఏమ్మా, ఊపిరి పీల్చకు! నువ్వు ఊపిరి పీలిస్తే రెండైపోతున్నావు... ఉండు, ఉండు... ఇప్పుడు!"

టిక్కుమంది.

"సరే సూదమ్మగారూ, నేను సిద్ధం. ఇక నడవండి, చూస్తాను."

"నడవడం అయిపోయింది బాబూ," అంది సూదమ్మ గొంతు, నేల కిందనించి. "ఇక్కడ బూజు మా చెడ్డగా ఉంది."

ఇన్‌స్పెక్టరు కెమెరా దించి చుట్టూ చూశాడు. ఆవిడ వీధిగుమ్మం వైపునుంచి కుడిగోడ వెంబడే నడిచి, అతని కళ్ళముందునుంచే మెట్లు దిగి, నేలమాళిగలో కూర్చుని ఉంది. ఫ్యాను గోలలో అడుగుల చప్పుడు కూడా వినపడలేదు.

ఆవిడ పైకొచ్చి పెద్ద లెన్సు తీయించి చిన్నది పెట్టించింది. మళ్ళీ నడిచింది. ఈసారి మొదటి మెట్టు మీద కాలు పెట్టకముందే "అదిగో!" అని అరిచాడు.

"చూశావా? కుడి కన్నుకి కెమెరా అడ్డం. ఎడమ కన్నుకి కిటికీలో కింద కుడిమూల ఈ లెన్సు బొజ్జ, దాని తొడుగు అడ్డం. నువ్వు చూసేది కిటికీలోంచి, ఫిల్ము చూసేది లెన్సులోంచి. నీకు కనపడనిది ఫిల్ముకి కనపడుతుంది. అమ్మాయి అబద్ధం చెప్పలేదు. ఒకడు ఆ సందు చూసుకుని లోపలికి దిగి కింద దాక్కున్నాడు. అమ్మాయి వెళ్ళింది. పెద్దాయన గడియ పెట్టుకున్నారు. అప్పుడు వాడు పైకొచ్చాడు. పని ముగించి గడియ తీసుకుని పోయాడు. బయటికి పోయినవాడు లోపలి గడియ పెట్టలేడుగా! నీ గడియ, నీ ఫోటో, రెండూ నా పక్షానే సాక్ష్యం చెబుతున్నాయి."

ఇన్‌స్పెక్టరు కెమెరాని బల్ల మీద పెట్టి టోపీ తలకెత్తుకున్నాడు. ఓడిపోవడం చేతకాని మనిషే గానీ, కళ్ళతో చూసినదాన్ని కాదనే మనిషి కాదు.

"ఇంటికి పొమ్మనండి," అన్నాడు గోడవైపు చూస్తూ. "ఊరు మాత్రం దాటకూడదు."

కోడలు సూదమ్మ చేతులు రెండూ పట్టుకుని వాటిలో మొహం దాచుకుంది. ముందు కొట్లోనుంచి కొడుకు పరుగున వచ్చాడు. "పిన్నిగారూ, మీ మేలు ఈ జన్మకి మరిచిపోను," అంటూ దణ్ణం పెట్టాడు. భార్య భుజం చుట్టూ చెయ్యివేసి, "పద, రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు నువ్వు," అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ ఫోటోలో మొహం తెలియడం లేదంటగా?" అని అడిగాడు.

"తెలియడం లేదు నాయనా," అంది సూదమ్మ.

స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగి వినపడకుండా పోయింది.

ఇన్‌స్పెక్టరు జరిగిందంతా కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకునేసరికి పాతిక నిమిషాలు పట్టింది. అప్పుడు సూదమ్మ చెప్పులు వేసుకోబోయింది. ఇన్‌స్పెక్టరు ఇంకా పెద్ద లెన్సుని తిప్పితిప్పి చూస్తున్నాడు. ఓడిన కోపం అతనికి ఇంకా దిగలేదు.

"అంతా బాగానే చెప్పారు. నాకొకటి చెప్పండి. ఈ ముసలాయన మహా పనిమంతుడని ఊరంతా డప్పు కొడుతుందే, కోడలికి మూల కనపడకుండా చేసే తొడుగు ఎందుకు తగిలించాడు? అంత పెద్ద లెన్సు కొన్నవాళ్ళందరూ గుడ్డిగానే తీసుకుంటున్నారా ఫోటోలు?"

"ఆ తొడుగు దొరక్క..." అని సూదమ్మ ఆగిపోయింది.

ఒక్క అంగలో పనిబల్ల దగ్గరికొచ్చి సొరుగు లాగింది. లోపల చెక్కకి గుంటలు తొలిచి, ఒక్కో గుంటలో ఒక్కో తొడుగు పడుకోబెట్టి ఉంది. ఒకటి తీసింది. దాని ఒకవైపు ఆకురాయితో నున్నగా అరగదీసి కోసిన కంత ఒకటి ఉంది, వేలు పట్టేంత. ఇంకొకటి తీసింది. దానికీ కంత. అన్నిటికీ ఉన్నాయి. తొడుగు అడ్డొచ్చినా ఆ కంతలోంచి మూల కనబడేలా పెద్దాయన తన చేత్తో కోసిన కంతలు. అన్నిటికన్నా పెద్ద గుంట ఒక్కటే ఖాళీగా ఉంది. చుట్టూ దుమ్ము, గుంటలో మాత్రం దుమ్ము లేదు.

"మతిమరుపు కాదు," అంది సూదమ్మ. గొంతు తగ్గిపోయింది. "ఎవరో ముందే తీసుకుపోయారు."

"దొంగా?"

"దొంగైతే లెన్సు ఎత్తుకుపోతాడు బాబూ, రేకు ముక్క ఎత్తుకుపోతాడా? కంత ఉంటే మెట్లవైపు అమ్మాయికి కొంచెమైనా కనపడుతుంది. అసలేమీ కనపడకూడదనుకున్నాడు. అంటే వాడికి లెన్సులు తెలుసు. మెట్లు తెలుసు. అమ్మాయి ఎడమ కన్నుతో చూస్తుందని తెలుసు. మొన్న సాయంత్రం పెద్ద లెన్సు పెట్టి చూస్తుందని ముందే తెలుసు."

ఇన్‌స్పెక్టరు మూడో ఫోటో లాక్కున్నాడు. మొదటిసారి అతను మూలని కాకుండా పెద్దాయన మొహాన్ని చూశాడు. ఆ కళ్ళు కెమెరావైపు లేవు. కాస్త పక్కకి, మెట్లవైపు తిరిగి ఉన్నాయి. పెదవి చివర నవ్వు బిగబట్టుకున్నట్టుంది. వచ్చినవాడు నోటి మీద వేలేసుకుని 'చెప్పకు' అని సైగ చేస్తే, ఏదో సరదా అనుకుని ఊరుకున్నవాడి నవ్వు అది. పరాయివాడు దొంగచాటుగా దిగుతుంటే ఏ కొట్టువాడూ అలా నవ్వడు.

"కొట్లోనే పెరిగినవాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఉరుము మొట్టమొదటిసారి గుసగుసలాడింది. "కొట్టు తనకి కాకుండా..."

"ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదంది," అంది సూదమ్మ. "నా చెవిలోనే అంది. నేనే కదయ్యా స్కూటరెక్కించి పంపాను!"

బల్ల మీది ఫోను అందుకుంది. కోడలి ఇంటి అంకెలు నొక్కింది. అవతల మోగింది, మోగింది. ఆఖరికి కోడలే తీసింది.

"ఇల్లు చేరావామ్మా?"

"చేరాం పిన్నిగారూ, అన్నం వడ్డించబోతున్నాను." గొంతులో అలసట ఉంది గానీ బరువు దిగిన హాయి కూడా ఉంది. "మీకే చేద్దామనుకుంటున్నాను. మామయ్యకి మతి పోలేదు పిన్నిగారూ! ఆ తొడుగు దొరికింది. ఈయన బట్టలు ఉతుకుదామని సంచీ విప్పితే చొక్కాల అడుగున ఉంది. పెద్ద లెన్సుదే, కంత ఉన్నదే."

సూదమ్మ ఫోను చెవికి అదుముకుంది. "ఆయన్ని అడిగావా, ఎలా వచ్చిందని?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

 ఈసారి వచ్చిన గొంతు వేరే మనిషిదిలా ఉంది.

"ఏమీ అనలేదు. అడిగినప్పటినుంచీ నన్నే చూస్తున్నారు. పిన్నిగారూ..."

అర్థమైపోయింది ఆ పిల్లకి. అక్కడ నిలబడి, తొడుగు చేత్తో పట్టుకుని, ఆ క్షణానే అర్థం చేసుకుంది.

"ఇంకేమీ మాట్లాడకు," అంది సూదమ్మ. "నేను చెప్పినట్టు చెయ్యి. గట్టిగా నవ్వు. నేనేదో హాస్యమాడానన్నట్టు నవ్వు. నవ్వి, 'రండి పిన్నిగారూ, మలుపు దాకా వచ్చేశారా, ఇన్‌స్పెక్టరుగారికి కూడా వడ్డిస్తాను' అని ఆయనకి వినపడేలా అను. ఇప్పుడే."

ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మం దాటి జీపు మీదికి దూకుతున్నాడు. నిజానికి అక్కడికి పావుగంట దారి.

ఫోనులో నవ్వు వినపడింది. ఎంత బాగా నవ్విందంటే, ఎవరైనా పెళ్ళింటినుంచి అనుకుంటారు. "అయ్యో, మలుపు దాకా వచ్చేశారా! రండి రండి, ఇన్‌స్పెక్టరుగారికి కూడా ఒక కంచం వేస్తాను," అంది. ఆ మాటల వెనక, దగ్గర్లోనే, కుర్చీ ఒకటి నేల మీద మెల్లగా వెనక్కి జరిగిన చప్పుడైంది. అంతే, ఫోను పోయింది. ఆ పిల్లే పెట్టేసిందో, ఇంకో చెయ్యి లాక్కుందో తెలియలేదు.

సూదమ్మ చెప్పుల్లేకుండానే వీధిలోకి పరుగెత్తింది.

ఇంతవరకే. ఊపిరి పీల్చుకో. ఇది మనసులో పెట్టుకో తల్లీ, రేపు నీ దగ్గర చెవులప్పగించి కూర్చునేవాళ్ళకి నువ్వూ చెప్పు. అన్నీ నాలాగే చెప్పక్కర్లేదు, గదిని మార్చుకో, స్కూటర్ని కారు చేసుకో, ఉరుముకి ఇంకా రెండు కేకలు ఎక్కువ పెట్టుకో. కానీ ఆ పిల్ల నవ్వింది చూడు, ఒణుకుతూ, ఒక్క పిసరు గొంతు తడబడకుండా... అది మాత్రం తగ్గించకుండా చెప్పు.